లేగదూడ తల

సింహాద్రిపురం దాటాక రోడ్డుకు ఎడమ వైపున ఉన్న పల్లెలో ప్రమీలమ్మకు చీనీ తోట, అంటే బత్తాయి తోట ఉంది. కిందటి వేసవిలో బోరు సన్నగిల్లి చెట్ల ఆకులు ముడుచుకుపోవడం చూసినప్పటి నుంచి ఆమెకు ఒకటే ధ్యాస. తోటలో పల్లంగా ఉన్న మూలన నీళ్ళ కుంట తవ్వించాలి. వానలు పడేలోపే తవ్వించాలి. భర్త పోయాక సేద్యమంతా ఆమే చూసుకుంటోంది. అనుకున్నది వాయిదా వేసే అలవాటు లేదు. ముద్దనూరులో జేసీబీలు బాడుగకిచ్చే ఖాదర్‌కు ఫోన్ చేసి బండి పంపమంది.

బండితో పాటు వచ్చినవాడు వసీం. కువైట్‌లో కొన్నేళ్ళు ఇలాంటి బండే నడిపాడు. తండ్రి చనిపోయినప్పుడు ఇంటికి వచ్చి, తల్లిని కొంతకాలం చూసుకుని, మళ్ళీ పోవడానికి సిద్ధమవుతున్నాడు. అన్నీ కుదిరాయి. పోలీసుల దగ్గర నుంచి రావలసిన క్లియరెన్స్ ఒక్కటే మిగిలింది. అది వచ్చేదాకా ఊరికే కూర్చోలేక ఖాదర్ దగ్గర పనికి చేరాడు. వసీం చేయి తేలిక అని ముద్దనూరు చుట్టుపక్కల అందరూ అంటారు. నేలలో నీళ్ళ పైపులున్నా, కరెంటు కేబుళ్ళున్నా వాటికి తగలకుండా మట్టి ఎత్తుతాడు. ఆ మాట అతని చెవిన పడినప్పుడల్లా లోలోపల పొంగిపోయేవాడు.

ఆ పొద్దున తవ్వకం సాఫీగానే మొదలైంది. ఎర్రమట్టి పోయి కింద బూడిద రంగు మట్టి కనబడే లోతుకు దిగాక బకెట్ పళ్ళు దేనికో తగిలి కర్రుమన్నాయి. సీటు కింద చిన్న అదురు. వసీం ఇంజను ఆపేసి కిందికి దూకాడు.

డ్రిప్పు పైపులు సర్దుతున్న ప్రమీలమ్మ గట్టు మీదికి వచ్చింది. "యాల ఆపితివప్పా?"

"రాయి తగిలింది పెద్దమ్మా."

"ఈ నేలలో రాళ్ళు కాకుండా ఏముంటాయి? ఎత్తి పక్కకు పారేయ్."

"ఇది ఉత్త రాయి కాదు. ఈ వంపు చూడు."

మట్టిలోంచి బయటపడ్డ నల్లటి రాయి పశువు వెన్ను మాదిరి వంగి ఉంది. వసీం పారతో చుట్టూ మెల్లగా మట్టి లాగాడు. తర్వాత పార పక్కన పెట్టి చేతులతో తవ్వాడు. ప్రమీలమ్మ చీర కొంగు నడుముకు చుట్టి గుంతలోకి దిగింది. ఇద్దరూ మట్టి తీసేకొద్దీ ముందు ఒక కొమ్ము మొదలు, తర్వాత చెవి, ఆ తర్వాత వెనక్కి తిప్పిన మూతి కనబడ్డాయి. మూతిలోంచి నాలుక బయటికి చాచి ఉంది. ఆ నాలుక కింద ఇంకో చిన్న వీపు.

ప్రమీలమ్మ మట్టిలోనే చతికిలబడింది. పుట్టింట్లోనూ మెట్టినింట్లోనూ ఆమె పశువుల మధ్యే బతికింది. "ఆవురా ఇది! ఇప్పుడే ఈనిందప్పా. చూడు, దూడను ఎట్ల నాకుతాండాదో!"

ఆమె గొంతులోని సంతోషం వసీంకు వినబడలేదు. అతని కళ్ళు దూడ మీదే ఉన్నాయి. ముడుచుకున్న కాళ్ళున్నాయి, పొట్ట ఉంది, తోక ఉంది. మెడ దగ్గరికి వచ్చేసరికి ఏమీ లేదు. అక్కడ అంటుకున్న తడి మట్టిలోంచి తెల్లటి గీత ఒకటి తళతళా మెరుస్తోంది. నల్లరాయి అప్పటికప్పుడు పగిలినట్టుగా ఉంది. ఆవు వెన్ను మీద కూడా బకెట్ పన్ను గీరిన గీత తెల్లగా ఉంది.

"పెద్దమ్మా," అన్నాడు వసీం. "దూడ తల నేనే ఇరగ్గొట్టినా."

ప్రమీలమ్మ అప్పుడు చూసింది.

పల్లెలో కబురు పాకడానికి ఎంతో సేపు పట్టలేదు. మధ్యాహ్నానికి గుంత చుట్టూ జనం. కొందరు చెప్పులు విడిచి దండం పెట్టారు. ఎవరో కుంకుమ తెచ్చారు. ప్రమీలమ్మ మరిది నారాయణ మోటారు సైకిలు మీద వచ్చాడు. పల్లెలో ఏ పంచాయితీ జరిగినా మధ్యలో ఉండే మనిషి. గొంతు పెద్దది. కోపం వచ్చేదీ తొందరే, పోయేదీ తొందరే. గుంతలోకి తొంగి చూసి, దూడకు తల లేకపోవడం గమనించాడు.

"ఎవురు తవ్వింది?"

"నేనే మామా," అన్నాడు వసీం.

"కళ్ళు యాడ పెట్టుకోని తవ్వితివి? పాలిచ్చే తల్లి ముందర దూడ తల తీసేస్తివి కదప్పా! ఊరికి ఎంత కీడో తెలుసా? వదినా, దీన్ని ఊరికే వదిలేదానికి లేదు. స్టేషన్లో చెప్పాల. కేసు పెట్టాల."

కేసు అనే మాట వినగానే వసీంకు కువైట్ గుర్తొచ్చింది. ఒక్క కేసు చాలు, క్లియరెన్స్ ఆగిపోతుంది. అయితే అతన్ని అంతకన్నా ఎక్కువ కుంగదీసింది వేరే ఉంది. జనంలో ఎవరో గొణిగిన మాట అతని చెవిన పడింది. "తురకోడు కదా, వానికేం తెలుస్తాది మన దేవుళ్ళ సంగతి." అన్నదెవరో చూడడానికి అతను తల ఎత్తలేదు.

తల ఎత్తింది ప్రమీలమ్మ.

"ఆ మాట అన్నోళ్ళు నా తోటలోంచి బయటికి నడవండి," అంది. "రాయి తగిల్న నిమిషంలో బండి ఆపింది ఈ పిల్లోడే. ఎత్తి పారేయమన్నది నేను. నా మాట విని ఇంకోపారి బకెట్ దించింటే ఈ ఆవు కూడా రెండు ముక్కలయ్యేది. కేసు పెట్టేదుంటే నా మీద పెట్టు నారాయణా."

నారాయణ కొంచెం తగ్గాడు. వదిన దగ్గరికి వచ్చి గొంతు దించి అన్నాడు. "సరే వదినా, నీ ఇష్టం. అయితే ఒకటి ఆలోచన చెయ్. ఆఫీసోళ్ళకు తెలిస్తే ఈ నేల పోయినట్టే. కంచె ఏసి బోర్డు పెడ్తారు. చీనీ చెట్ల దగ్గరికి కూడా పోనీయరు. మట్టి కప్పేసి ఇంకో పక్క తవ్వుకుందాం."

ఆ భయం ప్రమీలమ్మకూ ఉంది. ఆ తోట తప్ప ఆమెకు వేరే ఆధారం లేదు. గుంత అంచుకు పోయి ఆవు వైపు చూసింది.

"కప్పేస్తే ఊరుకుంటారా?" అంది చివరికి. "ఇంతమంది చూసినారు. రేపు గుప్తనిధులోళ్ళు వస్తారు. కడుపులో బంగారముందని పగలగొడ్తారు. యాడెన్ని నందులు పగిలిపోయినాయో మనం విన్లేదా? నేల పోతే పోనీ, ఇది పగిలిపోయేది నేను చూడలేను."

అందరి ముందరే తహసీల్దారు ఆఫీసుకు ఫోన్ చేసింది. అక్కడి నుంచి కడపకు కబురు పోయింది. సాయంత్రానికి పురావస్తు శాఖ నుంచి చందన అనే అమ్మాయి ఫోన్ చేసింది. రేపు పొద్దున వస్తానని, అంతవరకు విగ్రహాన్ని నీళ్ళతో కడగొద్దని, కదిలించొద్దని, కుంకుమ పూయొద్దని, పట్ట కప్పి ఉంచమని చెప్పింది. ప్రమీలమ్మ చీనీకాయలు కుప్ప పోసే పట్ట తెచ్చి తనే కప్పింది.

వసీం ఇంటికి పోయి అన్నం ముందు కూర్చుని లేచాడు. తల్లి షాహీదాబీకి ముద్దనూరు స్టేషన్ రోడ్డులో గాజుల అంగడి ఉంది. కొడుకు ముఖం చూసి అడిగింది. అతను చెప్పింది అంతా విని, తెల్లారి అంగడి తెరవకుండా బురఖా వేసుకుని తయారైంది.

"నువ్వెందుకు అమ్మీ?"

"వసీం పారిపోయినాడు అనే మాట నేను ఇనకూడదు బేటా. పా, పోదాం."

వాళ్ళు తోటకు చేరేసరికి ప్రమీలమ్మ గుంత దగ్గరే ఉంది. షాహీదాబీ ఆమె ముందు నిలబడి, బురఖా సర్దుకుని, తాను దారంతా అనుకుంటూ వచ్చిన మాట చెప్పింది.

"అక్కా, నా కొడుకు చేతిలో ఇరిగిందంటే అది మా ఇంటి తప్పే. తల ఈ మట్టిలోనే యాడో పడుంటాది. అది దొరికేదాకా నేను గాలిస్తా. కాదనొద్దు."

ప్రమీలమ్మ ఆమెను గట్టు మీద కూర్చోబెట్టింది. "ముందు కాఫీ తాగు చెల్లీ. నువ్వొక్కదానివే యాల గాలిస్తావు? శెనక్కాయల జల్లెడలు రెండుండాయి మా ఇంట్లో."

అలా ఇద్దరు ఆడవాళ్ళూ గుంత నుంచి ఎత్తి పోసిన మట్టి కుప్ప ముందు కూర్చున్నారు. వసీం పారతో మట్టి తెచ్చి పోస్తుంటే వాళ్ళు జల్లించారు. కాయంత రాయి దొరికినా తిప్పి తిప్పి చూశారు. మట్టి దుమ్ముతో ఇద్దరి ముఖాలూ ఒకే రంగుకు వచ్చాయి. దూడ తల మాత్రం దొరకలేదు.

చందన జీపు దిగి వచ్చేసరికి ఇదీ అక్కడి దృశ్యం. ముప్పై దాటని మనిషి. సొంతూరు ప్రొద్దుటూరు కావడంతో మాట కూడా ఆ మాదిరే ఉంది. జల్లెడల వైపు చూసి నవ్వింది.

"బాగ చేస్తాండారు. మా ఆఫీసులో కూడా ఇంత ఓపిక ఉండేవాళ్ళు తక్కువ. గుంతలో ఏ పక్క మట్టి ఏ కుప్పలో పోసినారో గుర్తుందా?"

వసీం చూపించాడు. ఆమె తల ఊపి గుంతలోకి దిగింది.

నారాయణ అప్పటికే మనుషులతో వచ్చి గట్టు మీద నిలబడ్డాడు. "మేడం, డ్రైవరు దూడ తల ఇరగ్గొట్టినాడు. అది రాసుకోండి ముందు."

"ముందు రాయిని చూడనీ అన్నా. తర్వాత రాసుకుందాం."

పట్ట తీశారు. చందన కొంచెంసేపు ఏమీ ముట్టుకోకుండా చుట్టూ తిరిగింది. తర్వాత చిన్న కుంచెతో, వెదురు పుల్లతో ఎండిన మట్టిని రాల్చడం మొదలుపెట్టింది. ఆమె పని చేస్తుంటే గట్టు మీది మాటలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. కుడి పక్క పూర్తిగా బయటపడేసరికి అందరూ ముందుకు వంగి చూశారు. ఆవు పక్కటెముకలు చర్మం కింద లీలగా కనబడుతున్నాయి. గంగడోలు మడతలు మడతలుగా వేలాడుతోంది. ఈనిన ఆవుకు ఉండే జారిన పొట్ట, బిగిసిన పొదుగు. నాలుక ఒత్తిడికి దూడ వీపు మీది వెంట్రుకలు ఒక పక్కకు వాలి ఉన్నాయి. రాతి మీద అంత సన్నటి గీతలు శిల్పి ఎలా గీశాడో ఎవరికీ అర్థం కాలేదు.

"యా అల్లా," అంది షాహీదాబీ మెల్లగా. "నాలుక తడిగా ఉన్నట్టే ఉండాది."

ఎడమ పక్కకు వచ్చాక చందన ఆగింది. "పెద్దమ్మా, ఇంట్లో అద్దముంటే తెప్పిస్తారా?"

ప్రమీలమ్మ ఇంటికి పోయి గోడ అద్దం తెచ్చింది. చందన దాన్ని వసీం చేతికిచ్చి, ఎండను రాతి మీద ఏటవాలుగా పడేలా పట్టుకోమంది. వెలుగు అలా పడగానే అంతవరకు గరుకుగా మాత్రమే కనిపించిన ఎడమ పక్క నిండా ఉలి గాట్లు లేచి నిలబడ్డాయి. ఒకే వైపు వంగి, పక్కపక్కనే, దున్నిన చాళ్ళ మాదిరి ఉన్నాయి.

"ఈ పక్క పని పూర్తి కాలేదు," అంది చందన. "చూడండి, శిల్పి ముందు మొనదేలిన ఉలితో ఈ చాళ్ళు తీసినాడు. తర్వాత చదును ఉలితో ఆ గట్లు చెక్కేస్తాడు. ఆపైన ఇసుక, నీళ్ళు వేసి ఇంకో రాయితో రుద్దుతాడు. కుడి పక్క అంతా అయిపోయింది. ఈ పక్క మొదటి దశలోనే ఆగిపోయింది. కాళ్ళ మధ్య రాయి కూడా ఇంకా తీయలేదు. ఇరిగిపోకుండా చివరిదాకా ఉంచుకున్నాడు."

"ఎంత పాతది మేడం?" అని అడిగారెవరో.

"ఈడ నిలబడి చెప్పలేను. కొన్ని వందల ఏళ్ళు మాత్రం ఉంటాది. కడపకు పోయి చూస్తేగానీ గట్టిగా చెప్పలేం."

ఇక మిగిలింది దూడ మెడ. వసీం అద్దం పట్టుకున్న చేయి వణకడంతో రాతి మీది వెలుగు కూడా వణికింది. చందన తలెత్తి చూసి మళ్ళీ వంగింది. మెడ మీద పట్టిన మట్టి గట్టిగా ఉంది. వెదురు పుల్లతో కొంచెం కొంచెంగా పెళ్ళగించింది. ఒక చోట పుల్ల లోపలికి దిగింది. ఆమె ఆగి, వంగి చూసి, మళ్ళీ మట్టి తీసింది. తర్వాత వెనక్కి కూర్చుని గట్టిగా ఊపిరి వదిలింది.

"నీ పేరేంది అన్నా?"

"వసీం."

"అద్దం పక్కన పెట్టి ఇటు రా వసీమన్నా. ఈడ వేలు పెట్టు."

అతను వేలు పెట్టాడు. మెడ పగిలినట్టు లేదు. నున్నగా, పలక మాదిరి చదునుగా ఉంది. మధ్యలో గుండ్రటి చిల్లు. వేలు సగం దాకా దిగింది.

"బకెట్ ఇట్లాంటి చిల్లు తొలుస్తాదా?" అని అడిగింది చందన.

తొలవదన్నట్టు వసీం తల అడ్డంగా ఊపాడు.

చందన గట్టు మీదివాళ్ళకు కూడా వినబడేలా చెప్పింది. "ఈ తెల్ల గీతను చూసి మీరంతా కొత్తగా పగిలిందనుకున్నారు. పగులు కాదు, రాతిలోనే పుట్టిన తెల్ల చార ఇది. చూడండి, మెడ దాటి పొట్ట దాకా పోతాండాది. చార ఉన్న చోట రాయి బలహీనంగా ఉంటాది. శిల్పి దూడ తల చెక్కేటప్పుడు ఉలి దెబ్బ దీని మీద పడి తల ఊడిపోయింది. ఇరిగింది ఆయన చేతిలోనే."

"అది ఎట్ల తెలుస్తాది?" అన్నాడు నారాయణ. గొంతులో నిన్నటి జోరు లేదు.

"దిగి రా అన్నా, నువ్వే చూడు. ఇరిగిన చోటును ఆయన ఉలితో చదును చేసినాడు. అతుకు పెట్టేదానికి చిల్లు తొలిచినాడు. చిల్లు లోపల కూడా సున్నం పెచ్చు కట్టింది. రాయి మట్టిలో వందల ఏళ్ళుంటేనే అది కడ్తాది. ఆవు మూతి మీద ఉండే పెచ్చూ ఇదీ ఒకటే. నిన్న ఇరిగిన రాతికి ఈ పెచ్చు యాడ నుంచి వస్తాది?"

నారాయణ గుంతలోకి దిగాడు. మోకాళ్ళ మీద కూర్చుని, తన వేలు కూడా చిల్లులో పెట్టి చూశాడు. పెచ్చును గోటితో గీకబోయి చందన వైపు చూసి మానుకున్నాడు. "అవును," అన్నాడు.

"వెన్ను మీద గీత మాత్రం బకెట్‌దే," అంది చందన. "లేదని చెప్పను. అయితే గోరు మందం కూడా లేదు. తగిలిన వెంటనే బండి ఆపినాడని ఈ గుంత చూస్తేనే తెలుస్తాంది. నా రిపోర్టులో రెండూ రాస్తా."

వసీం గుంత గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. నిన్నటి నుంచి గుండెల మీద ఉన్న బరువు దిగిపోతుంటే నవ్వు వస్తుందనుకున్నాడు, కానీ ఏడుపు వచ్చింది. ఇంతమంది ముందు ఏడుస్తున్నానని సిగ్గు కూడా కలగలేదు. షాహీదాబీ గట్టు మీద నుంచే రెండు చేతులూ చాచి పైకి చూసింది. తర్వాత పక్కనే ఉన్న ప్రమీలమ్మ భుజం మీద తల ఆనించింది. "నిన్నటి నుంచి నీళ్ళు కూడా దిగలేదు అక్కా నాకు," అంది.

"నాకు మాత్రం దిగినాయా?" అంది ప్రమీలమ్మ.

కళ్ళు తుడుచుకున్నాక వసీంకు ఒక సంగతి తోచింది. "మేడం, చిల్లు తొలిచినాడంటే తల ఇంకోటి చేసినట్టే కదా? అది యాడుంటాది?"

"నేను కూడా అదే ఆలోచన చేస్తాండా," అంది చందన. ఆవు కాళ్ళ దగ్గర మట్టిని గుప్పెట్లోకి తీసుకుని చూపించింది. మట్టి నిండా గోళ్ళంత రాతి పెచ్చులు. "ఇవి ఉలి కింద రాలినవి. ఆయన ఈడనే కూర్చుని పని చేసినాడు. తల చేసుంటే దగ్గర్లోనే ఉండాల. చుట్టూ ఇంకా ఎత్తుగా మట్టి ఉంది, దాన్ని మనుషులతో తీయిస్తే శానా రోజులు పడ్తాది. అంతలోపల వాన వస్తే గుంత నిండుతాది." ఆమె జేసీబీ వైపు చూసింది. "పలచగా, పొర పొరగా తీయగలవా?"

వసీం తన చేతుల వైపు చూసుకున్నాడు. "నా చేయి ఇంకా వణుకుతాండాది మేడం. ఇంకెవురినన్నా పిలవండి."

"నువ్వు తప్ప ఎవురొచ్చినా నాకు భయమే. తగిల్నప్పుడు ఆపేవాడు కావాల నాకు. నేను ముందర నడుస్తా. నేను చేయెత్తితే ఆపు. నీకు అనుమానమొస్తే నేను చేయెత్తకపోయినా ఆపు."

వసీం తల్లి వైపు చూశాడు. ఆమె గడ్డం పైకెత్తి బండి చూపించింది. ప్రమీలమ్మ గిన్నెలో మజ్జిగ తెచ్చి ఇచ్చింది. అతను తాగి, చేతులు ప్యాంటుకు తుడుచుకుని, సీటు ఎక్కాడు.

మొదటి పొర తీసేటప్పుడు బకెట్ గాల్లోనే కాసేపు ఆగింది. తర్వాత దిగింది. నేల మీద చీపురు తిప్పినట్టు పైమట్టిని ఒరుసుకుని పోయింది. చందన వెంట నడిచి, వంగి చూసి, ముందుకు రమ్మని చేయి ఊపింది. రెండో పొర, మూడో పొర. మెల్లగా అతని భుజాలు కిందికి దిగాయి. లీవర్లు మళ్ళీ అతని వేళ్ళ మాట విన్నాయి. గట్టు మీద జనం నిన్నటి కోపం మరిచి క్రికెట్ మ్యాచ్ చూస్తున్నట్టు నిలబడ్డారు. నారాయణ అందరినీ వెనక్కి జరగమని అరుస్తున్నాడు. అది అరుపే అయినా ఎవరికీ కష్టం కలిగించే అరుపు కాదు.

ఆవుకు తూర్పుగా కొంత దూరం పోయాక వసీం బండి ఆపాడు. చందన చేయి ఎత్తలేదు.

"ఏమైంది?"

"పెచ్చుల రంగు మారింది మేడం. అవి నల్లగుండాయి. ఇవి చూడు, పచ్చగుండాయి."

చందన మోకాళ్ళ మీద కూర్చుంది. నిజమే. ఇవి ఇంకో రాతి పెచ్చులు. తాపీతో అక్కడి మట్టి తీసింది. తర్వాత తాపీ వదిలి కుంచె పట్టుకుంది. ఆకు దొన్నె మాదిరి ఉన్న చిన్న చెవి ఒకటి బయటపడింది. ఆ తర్వాత మూసిన కన్ను. ఇంకా తడి ఆరని లేగదూడకు ఉండే మొద్దు మూతి. మెడ కింద నుంచి బొటనవేలంత రాతి మేకు పొడుచుకొచ్చి ఉంది.

వసీం బండి దిగి వచ్చి, ముట్టుకోకుండా, పక్కన కూర్చుని చూశాడు. ప్రమీలమ్మ, షాహీదాబీ ఒకరి చేయి ఒకరు పట్టుకుని గుంతలోకి దిగారు.

చందన ఫోటోలు తీసుకుంది, కొలతలు తీసుకుంది. అంతసేపూ అందరూ ఓపికగా నిలబడ్డారు. చివరికి ఆమె ఆ తలను రెండు చేతులతో ఎత్తింది. దూడ మెడ దగ్గరికి తెచ్చి, మేకును చిల్లు మీద ఆనించింది. మేకు కొంచెం లోపలికి పోయి ఆగింది.

"పట్టలేదే," అంది షాహీదాబీ దిగులుగా.

"పడ్తాది అమ్మా. మేకు ఇంకా రోంత లావుంది. రుద్ది సన్నం చేయాల్సింది మిగిలిపోయింది." చందన తలను అలాగే పట్టుకుని ఉంది. "ఒక పూట పని ఉందేమో. ఎందుకు ఆగిపోయినాడో మనకు తెలీదు. జబ్బు చేసిందో, ఊరు విడిచి పోవాల్సి వచ్చిందో. తల ఇరిగితే రాయిని పారేసి కొత్తది మొదలుపెట్టొచ్చు. ఈయన పారేయలేదు. రంగు కలిసే రాయి దొరక్కపోయినా ఇంకో రాయి తెచ్చి తల చేసినాడు."

వెనక్కి తిప్పిన ఆవు ముఖం, చందన చేతుల్లో దూడ ముఖం ఎదురెదురుగా ఉన్నాయి. తల్లి నాలుక చాచింది ఎటు వైపో ఇప్పుడు తెలిసింది. వీపు నాకి, మెడ మీదుగా, చెవి దాకా రావడానికి.

ప్రమీలమ్మ ముక్కు చీదుకుంది. "మేడం, ఇంకొకటి కూడా చెప్పేయండి. మనసులో పెట్టుకోని ఉండలేను. నా నేల పోతాదా?"

చందన తలను గుడ్డలో పెట్టి జాగ్రత్తగా పక్కన ఉంచి, ఆమె వైపు తిరిగింది. "లేదు పెద్దమ్మా. ఈడ గుడి లేదు, కోట లేదు. ఒక మనిషి కూర్చుని పని చేసుకున్న చోటు ఇది. ఈ మూల వరకు కొన్ని వారాలు మాకు వదలండి. పెచ్చులు, పనిముట్లు ఏమన్నా ఉంటే తీసుకుంటాం. తర్వాత గుంత పూడ్చి ఇస్తాం. గుడి లేకుంటే నేల మీకే ఉంటాదని మా పెద్ద సారు పొద్దున్నే చెప్పినారు. తోట మీదే, చెట్లు మీవే. నీళ్ళ కుంట మాత్రం ఇంకో మూల తవ్వుకోండి."

"అంతేనా?" అంది ప్రమీలమ్మ.

"అంతే."

"ఇంత చిన్న మాటకు నిన్నటి నుంచి నా పానం పోయిందే!" అని ఆమె గట్టిగా నవ్వింది. నవ్వు ఆగలేదు. ఆమెను చూసి షాహీదాబీ, ఆమెను చూసి గట్టు మీది ఆడవాళ్ళు నవ్వారు. ఆ పూట ప్రమీలమ్మ ఇంట్లో పెద్ద గిన్నెతో సంగటి కెలికారు. చందనకు, జీపు డ్రైవరుకు, తల్లీకొడుకులకు తనే దగ్గరుండి వడ్డించింది. వసీం ఎంత తిన్నాడో అతనికే తెలియదు.

విగ్రహాన్ని కడప మ్యూజియానికి తీసుకుపోయే రోజున ప్రొద్దుటూరు నుంచి క్రేను వచ్చింది. ఆవును ఊర్లోనే ఉంచుకుందామని కొందరు అడిగారు. గుప్తనిధుల భయం ముందు ఆ మాట నిలవలేదు. దూడ తలను విడిగా మెత్తటి పెట్టెలో పెట్టారు. మేకును రుద్దకుండా, శిల్పి వదిలినట్టే ఉంచి, పక్కనే నిలబెడతామని చందన చెప్పింది. ఆడవాళ్ళు హారతి పట్టారు. వసీం ఆ రోజు పనికి పోకుండా వచ్చి, బెల్టులు సరిగ్గా పడ్డాయో లేదో తనే చుట్టూ తిరిగి చూశాడు. క్రేను డ్రైవరు విసుక్కున్నా పట్టించుకోలేదు. ఆవు నేల నుంచి లేచి, గాలిలో కొంచెం ఊగి, లారీలో గడ్డి పరుపు మీద కూర్చున్నాక గానీ అతను ఊపిరి తీసుకోలేదు.

లారీ పోయాక నారాయణ అతని దగ్గరికి వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకుని రోడ్డు వైపు చూస్తూ అడిగాడు.

"క్లియరెన్స్ వచ్చెనా?"

"నిన్న వచ్చింది మామా. స్టేషన్లో నువ్వు కూడా ఒక మాట చెప్పినావంటనే."

"చెప్పినాలే. మంచి పిల్లోడని చెప్పినా. అబద్ధం కాదు కదా." నారాయణ గొంతు సవరించుకున్నాడు. "ప్రయాణం ఎప్పుడు?"

"ఇంకా టైముంది."

"అయితే పోయేలోపల నా చేన్లో కూడా ఒక కుంట తవ్విపో. ఖాదర్‌కు ఫోన్ చేస్తే వేరేవాన్ని పంపిస్తానన్నాడు. నాకు వేరేవాడు వద్దు."

"నీ చేన్లో కూడా ఏమన్నా బయటపడితే?"

"పడనీ. నువ్వు ఆపుతావు కదా."

వసీం నవ్వి, సోమవారం వస్తానన్నాడు. బస్సు వచ్చే వేళయిందని షాహీదాబీ గేటు దగ్గర నుంచి పిలుస్తోంది. ఆమె చేతిలో ప్రమీలమ్మ ఇచ్చిన చీనీకాయల సంచి బరువుకు ఒక పక్కకు వంగి ఉంది. వసీం పరిగెత్తి పోయి ఆ సంచి అందుకున్నాడు.